ఫ్రెడ్ కోల్

ఫ్రెడ్ కోల్ (ఆగష్టు 28, 1948 - నవంబర్ 9, 2017) అమెరికాకు చెందిన గాయకుడు, గిటారు వాద్యకారుడు, గీతరచయిత. పూర్తి పేరు ఫ్రెడరిక్ లీ కోల్. 1964లో పాఠశాల విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన సంగీతాన్ని 2017లో మరణించే వరకు, అంటే 50 సంవత్సరాలకు పైగా, విడువకుండా కొనసాగించాడు. గరాజ్ రాక్ అనీ, తరువాతి కాలంలో గరాజ్ పంక్ అనీ పిలువబడిన సంగీత శాఖకు ఈయన జీవితం ఒక ఉదాహరణగా చెప్పబడుతుంది. ది వీడ్స్, ది లాలీపాప్ షాప్, జిప్పర్, ది ర్యాట్స్, డెడ్ మూన్, పియర్స్‌డ్ యారోస్ ఈయన పనిచేసిన ముఖ్యమైన బృందాలు. వీటిలో డెడ్ మూన్ (1987-2006) అన్నింటికంటే ప్రసిద్ధి చెందింది. ఈ బృందంలో ఈయన భార్య టూడీ కోల్ బేస్ గిటారు, ఆండ్రూ లూమిస్ డ్రమ్స్ వాయించేవారు.

కోల్ పాటలేవీ అమెరికాలో పెద్దగా అమ్ముడుపోలేదు. అయినా రికార్డులను తానే తయారు చేసుకొని, తానే అమ్ముకొని, కచేరీలను తానే ఏర్పాటు చేసుకొని, ఏ పెద్ద కంపెనీ మీదా ఆధారపడకుండా సంగీతకారుడు జీవించవచ్చునని నిరూపించిన వ్యక్తిగా ఈయనకు గుర్తింపు ఉంది.

నేపథ్యం

అమెరికాలో ఇళ్ళకు ఆనుకొని కారు నిలుపుకొనే షెడ్డును గరాజ్ అంటారు. 1960లలో వేలాది మంది కుర్రవాళ్ళు తక్కువ ధరకు దొరికే ఎలక్ట్రిక్ గిటార్లు కొనుక్కొని, ఈ షెడ్లలోనే సాధన చేసి బృందాలుగా ఏర్పడ్డారు. మూడు నాలుగు తీగల మేళవింపులు, గరగరలాడే గిటారు ధ్వని, అరుపుకు దగ్గరగా ఉండే గానం, రెండు మూడు నిమిషాలలో ముగిసిపోయే పాట వీరి సంగీతానికి లక్షణాలు. శిక్షణ లేని వాళ్ళు వాయించే ఈ సంగీతంలో నైపుణ్యం కంటే ఉద్వేగానికి ప్రాధాన్యం ఎక్కువ.

అమెరికా వాయవ్య ప్రాంతం, అనగా వాషింగ్టన్, ఆరెగాన్ రాష్ట్రాలు, ఈ సంగీతానికి ముఖ్య కేంద్రాలలో ఒకటి. ది వెయిలర్స్, ది సోనిక్స్ అనే బృందాలు వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా పట్టణానికి చెందినవి. రిచర్డ్ బెర్రీ 1957లో విడుదల చేసిన "లూయీ లూయీ" అనే పాటను ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండుకు చెందిన ది కింగ్స్‌మెన్ బృందం 1963లో మళ్ళీ రికార్డు చేసింది. ఈ రికార్డు బిల్‌బోర్డ్ పట్టికలో రెండవ స్థానం వరకు చేరింది. గాయకుడి మాటలు స్పష్టంగా వినపడకపోవడంతో అందులో అశ్లీలం ఉన్నదేమోనని ఎఫ్.బి.ఐ. విచారణ జరిపింది. చివరకు మాటలు అర్థం కావడం లేదని తేల్చి విచారణ ముగించింది.

1972లో లెన్నీ కే అనే సంగీత రచయిత ఇటువంటి పాటలను 27 ఏరి "నగ్గెట్స్" పేరుతో ఒక సంకలనంగా తెచ్చాడు. దాని పరిచయ వ్యాసంలో ఈ బృందాలను ఉద్దేశించి "పంక్ రాక్" అనే మాట వాడాడు. 1970ల చివరలో న్యూయార్క్, లండన్ నగరాలలో పంక్ ఉద్యమం వచ్చినప్పుడు దాని మూలాలలో గరాజ్ సంగీతం ఒకటని విమర్శకులు గుర్తించారు. 1980ల నుండి పాత గరాజ్ ధ్వనినీ పంక్ వేగాన్నీ కలిపి వాయించే బృందాలు వెలిసాయి. వీటి సంగీతానికే గరాజ్ పంక్ అనే పేరు స్థిరపడింది. ఈ మూడు దశలలోనూ వేదిక మీద ఉన్న కొద్దిమందిలో ఫ్రెడ్ కోల్ ఒకడు.

బాల్యం, తొలి రికార్డులు

కోల్ టకోమాలో జన్మించాడు. చిన్నతనంలోనే కుటుంబం నెవాడా రాష్ట్రంలోని లాస్ వేగాస్‌కు మారింది. అక్కడ 1964లో ది లార్డ్స్ అనే బృందంలో చేరి తొలి రికార్డు చేసాడు. తరువాత కొంతకాలం "డీప్ సోల్ కోల్" అనే పేరుతో సోల్ సంగీతం పాడాడు. అప్పటి నిర్వాహకులు ఈయనను స్టీవీ వండర్‌కు తెల్లజాతి ప్రతిరూపంగా ప్రచారం చేయాలని చూసారు. ఈ ప్రయత్నం ఫలించలేదు. ఇతరులు పెట్టిన పేరుతో, ఇతరులు ఎంచిన రూపంలో పాడటం ఈయనకు ఇదే మొదటిసారి.

వీడ్స్, లాలీపాప్ షాప్

1966లో కోల్ లాస్ వేగాస్ మిత్రులతో కలిసి ది వీడ్స్ అనే బృందాన్ని ఏర్పరచాడు. శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ సభాస్థలిలో ది యార్డ్‌బర్డ్స్ కచేరీకి ముందు వాయించే అవకాశం వచ్చిందని నమ్మి బృందం అక్కడికి వెళ్ళింది. తీరా చేరిన తరువాత తమ పేరు కార్యక్రమంలోనే లేదని తెలిసింది. అది వియత్నాం యుద్ధకాలం. సైన్యంలో నిర్బంధంగా చేర్చుకొంటారనే భయం యువకులందరికీ ఉండేది. అందుచేత కెనడాకు వెళ్ళిపోవాలని బృందం ఉత్తర దిశగా బయలుదేరింది. దారిలో పోర్ట్‌లాండ్ వద్ద పెట్రోలు అయిపోయి, చేతిలో డబ్బు లేక అక్కడే ఆగిపోవలసి వచ్చిందని కోల్ ఇంటర్వ్యూలలో చెప్పేవాడు.

ఈ అనుకోని మజిలీ ఈయన జీవితాన్ని మలుపు తిప్పింది. పోర్ట్‌లాండ్ క్లబ్బులలో వాయిస్తున్న రోజులలో ఆ నగరానికే చెందిన క్యాథ్లీన్ కానర్‌తో పరిచయమైంది. ఆమెను అందరూ టూడీ అని పిలిచేవారు. వీరు 1967లో వివాహం చేసుకున్నారు. వీరికి ముగ్గురు సంతానం. ఆ తరువాత ఐదు దశాబ్దాల పాటు ఆ ప్రాంతమే కోల్ కార్యక్షేత్రమైంది.

వీడ్స్ బృందానికి లార్డ్ టిమ్ హడ్సన్ అనే నిర్వాహకుడు లభించాడు. ఆయన అప్పటికే ది సీడ్స్ అనే బృందాన్ని చూస్తున్నాడు. రెండు పేర్లూ ఒకేలా వినిపిస్తున్నాయని వీడ్స్ పేరును ది లాలీపాప్ షాప్‌గా మార్చాడు. బబుల్‌గమ్ సంగీతం అని పిలువబడే పిల్లల పాటలు అప్పట్లో బాగా అమ్ముడుపోతుండటం కూడా ఈ మిఠాయి పేరుకు ఒక కారణం. బృందం వాయించే కటువైన సంగీతానికీ ఈ పేరుకూ ఏ సంబంధమూ లేదు. సభ్యులకు కూడా ఈ పేరు నచ్చలేదు. యూని రికార్డ్స్ సంస్థ 1968లో వీరి ఏకైక ఆల్బము "జస్ట్ కలర్"ను, "యూ మస్ట్ బీ ఎ విచ్" అనే పాటను విడుదల చేసింది. అదే సంవత్సరం వచ్చిన "ఏంజెల్స్ ఫ్రమ్ హెల్" అనే చలనచిత్రంలో కూడా బృందం కనిపించింది. రికార్డులు అమ్ముడుపోకపోవడంతో కొంతకాలానికి బృందం విడిపోయింది.

"యూ మస్ట్ బీ ఎ విచ్" పాట మాత్రం మరుగున పడలేదు. పాత రికార్డులు సేకరించేవారు దానిని వెదకి పట్టుకున్నారు. 1998లో రైనో సంస్థ నగ్గెట్స్ సంకలనాన్ని నాలుగు సీడీలుగా విస్తరించినప్పుడు ఈ పాటను కూడా చేర్చింది. అంటే విడుదలైన 30 సంవత్సరాల తరువాత దీనికి గరాజ్ సంగీత చరిత్రలో స్థానం లభించింది.

సొంత దుకాణం, సొంత లేబుల్

1970ల మొదట్లో కోల్ దంపతులు పిల్లలతో సహా కెనడాలోని యూకాన్ ప్రాంతానికి వెళ్ళి, అడవిలో సొంతంగా జీవనం సాగించే ప్రయత్నం చేసారు. అది ఎక్కువ కాలం సాగలేదు. పోర్ట్‌లాండుకు తిరిగివచ్చి సంగీత వాయిద్యాలు అమ్మే దుకాణం తెరిచారు. దీని పేరు కెప్టెన్ విజ్‌ఈగిల్స్. కుటుంబ పోషణకు దుకాణం, మనసుకు సంగీతం అనే ఏర్పాటు ఇక్కడ మొదలై చివరివరకూ కొనసాగింది.

1975లో కోల్ జిప్పర్ అనే హార్డ్ రాక్ బృందంతో ఒక ఆల్బము చేసి, దానిని విజ్‌ఈగిల్ అనే సొంత లేబుల్ మీద విడుదల చేసాడు. రికార్డులను కళాకారులే సొంతంగా విడుదల చేసుకోవడం పంక్ ఉద్యమపు ముఖ్య సూత్రాలలో ఒకటి. దీనికి తొలి ఉదాహరణలలో ఒకటిగా చెప్పుకొనే బజ్‌కాక్స్ బృందపు "స్పైరల్ స్క్రాచ్" 1977లో వెలువడింది. కోల్ అంతకు రెండేళ్ళ ముందే ఆ పని చేసాడు. దీనికి వెనుక సిద్ధాంతమేమీ లేదు. పెద్ద కంపెనీ చేతిలో పేరూ రూపమూ పోగొట్టుకున్న అనుభవమే ఈయనను ఈ దారి పట్టించింది.

ది ర్యాట్స్

1970ల చివరలో రామోన్స్ వంటి పంక్ బృందాల సంగీతం కోల్‌ను ఆకర్షించింది. 1960లలో తాను వాయించిన సంగీతమే మరింత వేగంతో తిరిగివచ్చినట్లు ఈయన భావించాడు. కొత్త బృందానికి బేస్ గిటారు వాయించేవారు కావలసి వచ్చినప్పుడు, అంతవరకు ఏ బృందంలోనూ వాయించని భార్య టూడీని నేర్చుకొమ్మని ప్రోత్సహించాడు. అప్పటికి ఆమెకు 30 సంవత్సరాలు దాటాయి, ముగ్గురు పిల్లల తల్లి. ఆమె వాయిద్యం నేర్చుకొని బృందంలో చేరింది. ఆ రోజు నుండి వీరిద్దరూ ఒకే వేదికపై దాదాపు నాలుగు దశాబ్దాలు వాయించారు.

ది ర్యాట్స్ బృందం 1980, 1983 మధ్య మూడు ఆల్బములు విడుదల చేసింది. తరువాత కోల్ దంపతులు కొంతకాలం ది రేంజ్ ర్యాట్స్ అనే పేరుతో కంట్రీ సంగీతం కూడా వాయించారు.

డెడ్ మూన్

1987లో కోల్ దంపతులు డ్రమ్స్ వాద్యకారుడు ఆండ్రూ లూమిస్‌తో కలిసి డెడ్ మూన్ బృందాన్ని స్థాపించారు. లూమిస్ వీరికంటే పదేళ్ళకు పైగా చిన్నవాడు. కోల్ వయస్సు అప్పటికి 39 సంవత్సరాలు. సాధారణంగా రాక్ సంగీతకారులు వెనుదిరిగే ఈ వయస్సులో ఈయన తన ముఖ్యమైన కృషిని ఆరంభించాడు. 19 సంవత్సరాల పాటు ముగ్గురు సభ్యులలో ఎవరూ మారకపోవడం ఈ బృందపు ప్రత్యేకత.

రికార్డుల తయారీ

గ్రామఫోను రికార్డు తయారీలో మొదటి మెట్టు మూలఫలకం చెక్కడం. లాకర్ పూత పూసిన పళ్ళెం లేత్ మీద తిరుగుతుండగా, ధ్వనికి అనుగుణంగా కదిలే ముల్లు దాని మీద సన్నని గాడిని చెక్కుతుంది. ఈ మూలఫలకానికి లోహపు పూత ఎక్కించి అచ్చు తీస్తారు. ఆ అచ్చుతో వినైల్ ప్రతులను ఒత్తుతారు. గాడి ఎంత లోతుగా ఉండాలి, ధ్వని ఎంత బిగ్గరగా ఉండాలి అనేవి లేత్ నడిపేవాని నేర్పు మీద ఆధారపడి ఉంటాయి. సాధారణంగా ఇది ప్రత్యేక నిపుణుల పని. సంగీతకారులు ఇందులో చేయి పెట్టరు.

కోల్ ఈ పనిని కూడా స్వయంగా నేర్చుకున్నాడు. 1954 నాటి ప్రెస్టో కంపెనీ మోనో లేత్‌ను సంపాదించి, డెడ్ మూన్ రికార్డుల మూలఫలకాలను దానిమీద తానే చెక్కాడు. కింగ్స్‌మెన్ పాడిన "లూయీ లూయీ" మూలఫలకాన్ని చెక్కిన యంత్రం కూడా ఇదేనని చెబుతారు. ఇది ఒకే వాహిక గల మోనో యంత్రం కావడం వలన డెడ్ మూన్ రికార్డులలో ఎక్కువ భాగం, స్టీరియో సర్వసాధారణమైన కాలంలో కూడా, మోనోలోనే వెలువడ్డాయి. స్టీరియోలో గిటారు ఒక వైపు, డ్రమ్స్ మరొక వైపు విడివిడిగా వినిపించే వీలుంటుంది. మోనోలో అన్నీ ఒకే ముద్దగా మధ్యనుండి వస్తాయి. డెడ్ మూన్ ధ్వనిలోని చిక్కదనానికి ఇది ఒక కారణం.

ఈ రికార్డులు టూంబ్‌స్టోన్ అనే సొంత లేబుల్ మీద వెలువడేవి. పోర్ట్‌లాండ్ సమీపంలోని క్లాకమస్‌లో వీరు నడిపిన వాయిద్యాల దుకాణం పేరు కూడా ఇదే. వీరి ఇంటిని కూడా వీరే కట్టుకున్నారు.

కచేరీలు

జర్మనీకి చెందిన మ్యూజిక్ మేనియాక్ అనే సంస్థ ఐరోపాలో డెడ్ మూన్ రికార్డులను విడుదల చేసింది. దీనివలన జర్మనీ, నెదర్లాండ్స్ మొదలైన దేశాలలో బృందానికి అమెరికాలో కంటే ఎక్కువ ఆదరణ లభించింది. బృందం పలుమార్లు ఐరోపా యాత్రలు చేసింది. స్వదేశంలో దుకాణం నడుపుకొంటూ, విదేశంలో కచేరీలు చేసుకొంటూ సాగిన జీవితం వీరిది.

వేదికపై ముగ్గురూ ఒకరికొకరు చాలా దగ్గరగా నిలబడి వాయించేవారు. లూమిస్ డ్రమ్ము మీద ఒక ఖాళీ విస్కీ సీసా, దాని మూతిలో వెలుగుతున్న కొవ్వొత్తి ఉండేవి. కచేరీ మొదట్లో దానిని వెలిగించడం బృందపు ఆనవాయితీగా మారింది.

సంగీత శైలి

డెడ్ మూన్ పాటలలో చాలా వరకు కోల్ రచించినవే. మరణం, ఒంటరితనం, దేశద్రిమ్మరి జీవితం, ఓటమిని తట్టుకొని నిలబడటం, దీర్ఘకాలపు ప్రేమ వీటిలో తరచుగా కనిపించే వస్తువులు. కోల్ గొంతు సన్నగా, హెచ్చు స్థాయిలో, కీచుమనే జీరతో ఉంటుంది. కొన్ని పాటలలో టూడీ ముఖ్య గాయని. "జానీస్ గాట్ ఎ గన్" వాటిలో ఒకటి. సొంత పాటలతో పాటు పాత బ్లూస్ పాటలను, 1960ల గరాజ్ పాటలను కూడా వీరు వాయించేవారు.

స్థానిక చరిత్ర కూడా వీరి పాటలలో ప్రవేశించింది. "54/40 ఆర్ ఫైట్" అనే పాట పేరు 1840లలో ఆరెగాన్ సరిహద్దు విషయమై బ్రిటన్‌తో వచ్చిన వివాదం నాటి నినాదం. సరిహద్దును 54 డిగ్రీల 40 నిమిషాల అక్షాంశం వరకు జరపాలని అప్పటి అమెరికా విస్తరణవాదులు కోరారు. 1846 నాటి ఒప్పందంలో అది 49 డిగ్రీల వద్ద స్థిరపడింది.

పియర్స్‌డ్ యారోస్

2004లో కేట్ ఫిక్స్, జేసన్ సమ్మర్స్ దర్శకత్వంలో "అన్‌నోన్ పాసేజ్: ది డెడ్ మూన్ స్టోరీ" అనే డాక్యుమెంటరీ చిత్రం వెలువడింది. 2006లో సియాటిల్‌కు చెందిన సబ్ పాప్ సంస్థ "ఎకోస్ ఆఫ్ ది పాస్ట్" పేరుతో వీరి పాటల సంకలనాన్ని రెండు సీడీలుగా విడుదల చేసింది. స్వదేశంలో గుర్తింపు పెరుగుతున్న ఆ సమయంలోనే, 2006 చివరలో, ఐరోపా యాత్ర అనంతరం డెడ్ మూన్ విడిపోయింది.

కోల్ దంపతులు విరామం తీసుకోలేదు. 2007లో కెల్లీ హాలిబర్టన్ డ్రమ్స్ వాద్యకారుడుగా పియర్స్‌డ్ యారోస్ అనే కొత్త బృందాన్ని ప్రారంభించి, 2008, 2010 సంవత్సరాలలో ఆల్బములు తెచ్చారు. అప్పటికి వీరి వయస్సు 60 సంవత్సరాల ప్రాంతం. ఇవి కాక ఇద్దరే కలిసి "ఫ్రెడ్ అండ్ టూడీ" పేరుతో కచేరీలు చేసారు.

చివరి సంవత్సరాలు

2014లో డెడ్ మూన్ మళ్ళీ కలిసి కచేరీలు చేసింది. అదే సంవత్సరం కోల్‌కు గుండె శస్త్రచికిత్స జరిగింది. కోలుకున్న తరువాత ఈయన తిరిగి వేదికనెక్కాడు. మార్చి 8, 2016న ఆండ్రూ లూమిస్ క్యాన్సర్ వ్యాధితో 54వ ఏట మరణించాడు. దానితో డెడ్ మూన్ కథ ముగిసింది.

అక్టోబర్ 5, 2017ను పోర్ట్‌లాండ్ నగర పాలకవర్గం "డెడ్ మూన్ నైట్"గా ప్రకటించి, నగర పాలక భవనంలో ఉత్సవం నిర్వహించింది. 51 సంవత్సరాల క్రితం పెట్రోలు అయిపోయి ఆగిపోయిన కుర్రవాడిని ఆ నగరం తన పౌరునిగా గౌరవించింది. తరువాత ఐదు వారాలకు, నవంబర్ 9, 2017న, కోల్ కాలేయ వ్యాధితో మరణించాడు. అప్పటికి ఈయన వయస్సు 69 సంవత్సరాలు. కోల్ దంపతుల వైవాహిక జీవితం 50 సంవత్సరాలు సాగింది.

ప్రభావం

సియాటిల్‌కు చెందిన పెర్ల్ జామ్ బృందం డెడ్ మూన్ రచన "ఇట్స్ ఓకే"ను తమ కచేరీలలో తరచుగా పాడింది. దీనివలన కోల్ పేరు పెద్ద సభాస్థలులలోని శ్రోతలకు కూడా పరిచయమైంది. వాయవ్య ప్రాంతపు తరువాతి తరం సంగీతకారులు కోల్ దంపతులను మార్గదర్శకులుగా భావించారు.

గరాజ్ సంగీతాన్ని సాధారణంగా కుర్రతనపు సంగీతంగా పరిగణిస్తారు. 1960ల గరాజ్ బృందాలలో అత్యధికం ఒకటి రెండు రికార్డులతో ఆగిపోయాయి. సభ్యులు ఉద్యోగాలలోనో, సైన్యంలోనో, సంసారాలలోనో స్థిరపడ్డారు. కోల్ మాత్రం సంసారాన్ని సంగీతానికి అడ్డుగా భావించలేదు. భార్యను బృందంలో చేర్చుకున్నాడు, వాయిద్యాల దుకాణాన్ని జీవనాధారం చేసుకున్నాడు, రికార్డు చెక్కే యంత్రాన్ని తన చేతిలోకి తెచ్చుకున్నాడు. ఈ పద్ధతి ఈయనకు ధనాన్ని తెచ్చిపెట్టలేదు. రికార్డులు తక్కువ సంఖ్యలో అమ్ముడుపోయాయి. స్వదేశంలో గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. కానీ ఏం వాయించాలో, ఏ పేరుతో వాయించాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించే అధికారం ఇతరులకు పోలేదు. 19 ఏళ్ళ వయస్సులో ఈయన పోగొట్టుకున్నది ఈ అధికారాన్నే.

ముఖ్యమైన ఆల్బములు

లాలీపాప్ షాప్
* జస్ట్ కలర్ (1968)

జిప్పర్
* జిప్పర్ (1975)

ది ర్యాట్స్
* ది ర్యాట్స్ (1980)
* ఇంటర్మిటెంట్ సిగ్నల్స్ (1981)
* ఇన్ ఎ డెస్పరేట్ రెడ్ (1983)

డెడ్ మూన్
* ఇన్ ది గ్రేవ్‌యార్డ్ (1988)
* అన్‌నోన్ పాసేజ్ (1989)
* డిఫయన్స్ (1990)
* స్ట్రాండెడ్ ఇన్ ది మిస్టరీ జోన్ (1991)
* స్ట్రేంజ్ ప్రే టెల్ (1992)
* క్రాక్ ఇన్ ది సిస్టమ్ (1994)
* నెర్వస్ సూనర్ ఛేంజెస్ (1995)
* డెస్టినేషన్ ఎక్స్ (1999)
* ట్రాష్ అండ్ బర్న్ (2001)
* డెడ్ అహెడ్ (2004)

పియర్స్‌డ్ యారోస్
* స్ట్రెయిట్ టు ది హార్ట్ (2008)
* డిసెండింగ్ షాడోస్ (2010)

ఇవి కూడా చూడండి
* గరాజ్ రాక్
* పంక్ రాక్
* గ్రామఫోను రికార్డు
* పోర్ట్‌లాండ్, ఆరెగాన్